ఒళ్లు తెచ్చేది బిళ్లలు కావు

"వద్దులే అక్కా, ఆ బిళ్లలు మింగితే ఒళ్లొచ్చిద్దంట గదా!" పెద్దారవీడు మండలంలో మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల అట్టలు సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలకు ఈ మాట కొత్తది కాదు. తోకపల్లెలో అయినా, గొబ్బూరులో అయినా, అటు మార్కాపురం పేటల్లో అయినా, గిద్దలూరు దాకా ఎక్కడైనా ఇదే మాట. తొలికాన్పు అయి ఏడాది తిరగని కోడలు అంటుంది. పక్కనే కూర్చున్న అత్త అందుకుంటుంది: "ఇంకొకళ్లు పుట్టినాక ఆపరేషన్ చేపిస్తే పీడా పోయిద్ది." సంభాషణ అక్కడితో సరి. అట్టలు మళ్లీ సంచిలోకి వెళతాయి.

కోడలి భయం, అత్త తీర్మానం కలిసి పడమటి ప్రకాశం ఆడవాళ్ల ఒంటి మీద ఏళ్లుగా పెత్తనం చేస్తున్నాయి. ఆ భయానికి ఆధారం లేదు. ఆ తీర్మానానికి బలం ఇస్తున్నది మాత్రం ఆ భయమే. మాత్రలంటే లావు, ఇంజెక్షనంటే లావు, హార్మోన్ లేని ఛాయ మాత్ర అంటే కూడా లావు అని అన్నింటినీ ఒకే గాటన కట్టేశాక, ఇరవై రెండేళ్ల పిల్లకు మిగిలేది కత్తి ఒక్కటే. ఈ అభిప్రాయాన్ని ఇప్పుడు ఇళ్లలో అమ్మలక్కలే కాదు, మందుల షాపులో కుర్రాడు, ఊళ్లో ఆర్ఎంపీ, యూట్యూబులో ఆరోగ్య సలహాలు చెప్పేవాళ్లు, చివరికి కొందరు చదువుకున్న డాక్టర్లు కూడా మోస్తున్నారు. అందుకే దీన్ని గట్టిగా, పూర్తిగా ఖండించాల్సిన అవసరం వచ్చింది.

మొదట మన రాష్ట్రం లెక్కే తీసుకుందాం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసులో ఉన్న వివాహితల్లో నూటికి 70 మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మాత్రలు వాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అదే సర్వేలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్న ఆడవాళ్లు నూటికి 36 మంది. దాదాపు ఎవరూ మింగని బిళ్ల ఇంతమందికి ఒళ్లెలా తెచ్చింది? పశ్చిమ బెంగాల్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు మాత్రలు వాడతారు. అక్కడ ఎక్కువ బరువున్న ఆడవాళ్లు నూటికి 23 మందే. తిండిలో, పనిలో, సంపాదనలో రెండు రాష్ట్రాలకూ చాలా తేడాలున్నాయి కాబట్టి బెంగాలీ ఆడవాళ్లను మాత్రలే సన్నగా ఉంచుతున్నాయని నేను అనను. మనవాళ్ల లావుకు మాత్ర కారణం కాదనడానికి మాత్రం ఈ లెక్క చాలు.

"లెక్కలెందుకు, మా ఆడపడుచు మాత్రలు వేసుకుంది, ఆరు నెలల్లో జాకెట్లు బిగుతయ్యాయి" అంటారు. ఆ ఆడపడుచు అబద్ధం చెప్పడం లేదు. జాకెట్లు బిగుతైన మాట నిజమే. తెలుసుకోవాల్సింది ఆ బిగుతు మాత్ర వల్ల వచ్చిందా, మాత్ర లేకపోయినా వచ్చేదేనా అన్నది. ఒక మనిషిని చూసి అది చెప్పలేం. ఒకే రకం ఆడవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు మాత్ర, రెండో గుంపుకు చూడటానికి అచ్చం అలాగే ఉండి మందు లేని మాత్ర ఇచ్చి, నెలనెలా తూకం వేయాలి. అలాంటి పరీక్షలు జరిగాయి. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ 2014లో హార్మోన్ మాత్రలు, బరువు గురించి 49 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసింది. అందులో మందు లేని మాత్రతోనో, ఏమీ వాడని వాళ్లతోనో పోల్చినవి నాలుగే. ఆ నాలుగింటిలోనూ మాత్ర బరువు పెంచుతుందన్న రుజువు దొరకలేదు. మిగతావాటిలో ఒక మాత్రను ఇంకో మాత్రతో పోల్చి చూస్తే, మోతాదు మారినా బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద తేడా ఉండి ఉంటే ఇన్ని ప్రయోగాల్లో దాక్కోవడం సాధ్యం కాదు.

మరి ఈ మాట ఎక్కడి నుంచి పుట్టింది? గాలిలోంచి పుట్టలేదు. 1960లో అమెరికాలో మొదటి గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్ వచ్చినప్పుడు అందులో ఈస్ట్రోజన్ రకం మందు 150 మైక్రోగ్రాములు, ప్రొజెస్టిన్ రకం మందు దాదాపు 10 మిల్లీగ్రాములు. ఈనాడు మన పీహెచ్‌సీలో ఇచ్చే మాలా-ఎన్‌లో ఈస్ట్రోజన్ 30 మైక్రోగ్రాములు, ప్రొజెస్టిన్ 0.15 మిల్లీగ్రాములు. రెండింటిలో వాడిన రసాయనాలు ఒకటి కావు, అంకెకు అంకె పెట్టి చూడకూడదు. అయినా ఆనాటి మోతాదు ఎంత మోటుదో అర్థమవుతుంది. ఈస్ట్రోజన్ ఒంట్లో ఉప్పును, నీటిని కొంత పట్టి ఉంచుతుంది. ఆ పాత మాత్రలతో కాళ్లు పొంగడం, రొమ్ములు బరువెక్కడం బాగా కనబడేది. ఇప్పటి మాత్రలతో కూడా మొదటి రెండు మూడు నెలలు కొందరికి కొద్దిగా నీరు చేరవచ్చు. అది కొవ్వు కాదు. చాలామందికి ఒళ్లు అలవాటు పడ్డాక పోతుంది. అరవై ఏళ్ల కిందటి మాత్ర మీద పడిన మచ్చను ఈనాటి మాత్ర మోస్తున్నది.

ఇంకో పెద్ద కారణం, మాత్ర, ఒళ్లు ఒకే కాలంలో రావడం. మన ఊళ్లలో ఎవరైనా మాత్రలు మొదలుపెట్టేది ఎప్పుడు? కాన్పు తర్వాత, బిడ్డ పాలు తగ్గించాక. ఎప్పుడూ ఒళ్లొచ్చే కాలమే అది. బాలింతకు నెయ్యి, కారప్పొడి అన్నం, మధ్యాహ్నం పడక. పుట్టింట్లో మూడు నెలలో ఐదు నెలలో గడిపి వస్తుంది. పెళ్లికి ముందు చేలో పత్తి తీసిన పిల్ల, బిడ్డ నడిచేదాకా ఇంటి పట్టునే ఉంటుంది. జొన్న, సజ్జ, కొర్ర తిన్న ఈ మెట్టనేల జనం ఇవాళ మూడు పూటలా తెల్లన్నం తింటున్నారు. వీటి మధ్య ఒక చిన్న అట్ట ఇంట్లోకి వచ్చింది కాబట్టి నింద దాని మీద పడింది.

దీనికి తిరుగులేని సాక్ష్యం మన ఊళ్లలోనే ఉంది. ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లను అడగండి. "ఆపరేషన్ అయినకాడి నుంచి ఒళ్లొచ్చింది, నడుం పట్టేసింది" అని ఎంతమంది అంటారో వినండి. కు.ని. ఆపరేషన్‌లో చేసేది అండం వచ్చే గొట్టాలను కట్టేయడం, లేదా బిగించడం. అండాశయాలను ముట్టుకోరు. హార్మోన్లు ముందు ఎలా తయారయ్యాయో తర్వాతా అలాగే తయారవుతాయి. ఒక్క చుక్క హార్మోన్ కూడా బయటి నుంచి ఒంట్లోకి పోదు. అయినా ఒళ్లొచ్చిందనే ఫిర్యాదు అచ్చం మాత్రల మీద చెప్పినట్టే వినిపిస్తుంది. హార్మోన్ ఉన్నదాని మీదా, లేనిదాని మీదా ఒకటే ఫిర్యాదు వస్తే, కారణం ఆ రెంటికీ బయట ఉన్నట్టే కదా. వయసు, కాన్పులు, తిండి, తగ్గిన పని. వాటి ఊసెత్తకుండా మాత్రను మాత్రమే దోషిని చేయడం అన్యాయం.

పెళ్లికాని పిల్లల సంగతి ఇంకా ఘోరం. పీసీఓడీ ఉన్న అమ్మాయికి నెలసరి సరిగా రావడానికి డాక్టరు ఈ మాత్రలే రాస్తారు. పీసీఓడీలో బరువు పెరగడం ఆ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. మాత్ర మొదలుపెట్టకముందు నుంచే పెరుగుతూ వచ్చిన బరువు మాత్ర ఖాతాలో పడుతుంది. తల్లి భయపడి మానిపిస్తుంది. నెలసరి మళ్లీ తప్పుతుంది, బరువు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడిదాకా చెప్పింది మాత్రల గురించి. ఇంజెక్షన్ విషయంలో నేను ఆడవాళ్ల వైపు నిలబడతాను, అధికారుల వైపు కాదు. 2017 నుంచి ప్రభుత్వం 'అంతర' పేరుతో మూడు నెలలకోసారి ఉచితంగా ఇస్తున్న ఇంజెక్షన్‌లో ఉండేది మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, 150 మిల్లీగ్రాములు. ఇది కొందరికి బరువు పెంచుతుంది. దాన్ని కూడా "అపోహ" అని కొట్టిపారేసేవాళ్లు నిజం చెప్పడం లేదు. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాటినీ దేశాల్లో ఏడువేల ఎనిమిది వందల మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగి 2019లో ఫలితాలు వచ్చిన ఎకో ప్రయోగంలో ఎవరికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఏడాది, ఏడాదిన్నర కాలంలో ఈ ఇంజెక్షన్ వాడినవాళ్లు సగటున మూడున్నర కిలోలు పెరిగారు. చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ వాడినవాళ్లు సుమారు రెండున్నర కిలోలు పెరిగారు. ఏ హార్మోనూ లేని కాపర్-టీ వేయించుకున్నవాళ్లు కూడా కిలోన్నర పెరిగారు. అంటే ఏమీ మందు లేకపోయినా ఆ వయసులో కొంత బరువు పెరుగుతుంది. ఇంజెక్షన్ దానికి ఇంకో రెండు కిలోలు కలుపుతుంది. సగటు అంటే కొందరికి ఏమీ ఉండదు, కొందరికి చాలా ఎక్కువ ఉంటుంది. మొదటి ఆరు నెలల్లోనే ఉన్న బరువులో 5 శాతానికి మించి పెరిగినవాళ్లు ఆ తర్వాత కూడా పెరుగుతూ పోతారని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. యాభై కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు. తూకం వేసి చూస్తే ముందే పసిగట్టవచ్చు.

ఇంజెక్షన్ గురించి నిజం దాచడం వల్ల ఏమవుతుందో తెలుగునేల ఒకసారి చూసింది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడికి వచ్చిన పేద ఆడవాళ్లకు అది ప్రయోగమన్న సంగతి గానీ, దాని దుష్ఫలితాల సంగతి గానీ సరిగా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు గుర్తించారు. మరికొన్ని మహిళా సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆనాటి పోరాటం అడిగింది ఇంజెక్షన్ ఒంట్లోకి పోయేముందు అది ఏం చేస్తుందో ఆ మనిషికి తెలియాలని. ఆ మాట ఇవాళ్టికీ అంతే న్యాయమైనది. ఇంజెక్షన్ గురించి దాచిన ప్రతి నిజం ఊళ్లో తిరిగి తిరిగి మాత్ర మీద అబద్ధమై కూర్చుంటుంది. ఒక ఇంట్లో కోడలు అంతర వేయించుకుని నాలుగు కిలోలు పెరిగితే, ముందే ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆ వీధిలో ఎవరూ మాలా-ఎన్ కూడా ముట్టుకోరు. ఆశా చెప్పే తర్వాతి మాట కూడా నమ్మరు.

మన ప్రాంతానికి ఇంజెక్షన్ పనికిరాదని దీని అర్థం కాదు. మిర్చి కోతలకు గుంటూరు వైపు, బేల్దారి పనులకు హైదరాబాద్, బెంగళూరు వైపు వలసపోయే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. చేలో గుడిసె వేసుకుని నెలల తరబడి ఉండే ఆడమనిషికి రోజూ ఒక వేళకు మాత్ర మింగడం, అట్ట అయిపోతే ఇంకోటి తెచ్చుకోవడం చిన్న పని కాదు. మూడు నెలలకొక సూది ఆమెకు నిజంగా వీలైనదే. అందుకే ఆమెకు అన్నీ చెప్పాలి: బరువు పెరగవచ్చు, నెలసరి తారుమారు కావచ్చు, పూర్తిగా ఆగిపోవచ్చు, మానేశాక గర్భం నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. విన్నాక ఆమె ఒప్పుకుంటే అది ఆమె ఇష్టం.

ఛాయ మాత్ర మీద కూడా ఇదే లావు భయం రుద్దడం మరీ దారుణం. అందులో హార్మోనే లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ, సీడీఆర్ఐ, తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అనే మందు అది. ముందు 'సహేలీ' పేరుతో బజారులోకి వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు రోజులు, ఆ తర్వాత వారానికి ఒక రోజు. పాలిచ్చే తల్లి కూడా వాడవచ్చు. నెలసరి కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. మన దేశపు శాస్త్రవేత్తలు తయారుచేసిన మందు మన మండలంలోనే ఉచితంగా దొరుకుతుంటే, పేరు కూడా వినని ఆడవాళ్లు ఉండటం సిగ్గుచేటు.

ఇక ఈ భయం ఎటు నెడుతుందో చూడండి. మాత్ర వద్దన్న ఇంట్లో రెండో కడుపు తొందరగా వస్తుంది. కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య రెండేళ్లయినా ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నూటికి 59 మంది ఆడవాళ్లకు రక్తహీనత ఉన్న రాష్ట్రంలో ఆ ఎడం ప్రాణంతో సమానం. కడుపు వద్దనుకుంటే మందుల షాపులో 'కిట్' అడుగుతారు. డాక్టరు చూడకుండా, ఎన్ని వారాలో తెలియకుండా మింగి రక్తం పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. రోజూ వేసుకునే 0.15 మిల్లీగ్రాముల మందుకు భయపడి, గర్భాన్ని తెంచే మందును ఎవరి సలహా లేకుండా మింగేంత దూరం తీసుకెళ్లిందీ భయం.

తర్వాత ఆపరేషన్. మన రాష్ట్రంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సగం మందికి పైగా 25 ఏళ్లు నిండకముందే అది అయిపోతుంది. పద్దెనిమిది నిండకముందే పెళ్లిళ్లు చేసే చోట అంతకన్నా ఏం జరుగుతుంది? ఇద్దరు పిల్లలు చాలనుకున్న తల్లి బాగా ఆలోచించుకుని కోరుకుంటే ఆపరేషన్ మంచి పద్ధతే. ఇంకే దారీ చూపకుండా తోసుకెళ్లడాన్నే నేను తప్పుపడుతున్నాను. రేపు బిడ్డకు ఏదైనా అయితే, గొట్టాలు మళ్లీ కలపడం అందరికీ ఫలించదు. పైగా మగవాళ్లు చేయించుకునే ఆపరేషన్ దీనికన్నా తేలిక. అది చేయించుకున్న మగవాళ్ల లెక్క మన రాష్ట్రంలో నూటికి ఒకటి కూడా లేదు.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క డాక్టరు ఒక్క రోజులో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ఆ క్యాంపు తర్వాత 13 మంది చనిపోయారు. ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో మాన్పించాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. ఆ తర్వాత కూడా, 2022 ఆగస్టు 25న, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మందికి ఒకేరోజు ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. రెండు కిలోల ఒళ్లు గురించి ఇంత మాట్లాడే సమాజం ఆ నలుగురి గురించి ఎంత మాట్లాడింది? వాళ్లకు మాత్రల గురించి, ఛాయ గురించి, కాపర్-టీ గురించి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా?

గర్భసంచి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశంలో మన రాష్ట్రమే ముందుంది, నూటికి దాదాపు 9 మంది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంటే ముందు వాడి చూడాల్సిన మందుల్లో ఈ హార్మోన్ మాత్రలూ ఉన్నాయి. "అవి వేసుకుంటే ఒళ్లొచ్చిద్ది, సంచి తీపిచ్చుకుంటే పోయిద్ది" అని ముప్పై ఐదేళ్లకే ఒప్పేసుకునేవాళ్లకు ఆ తర్వాత ఎముకలకు, గుండెకు వచ్చే ముప్పు గురించి చెప్పే దిక్కు లేదు.

లావు గురించి అంత అడిగేవాళ్లు అసలు అడగాల్సినవి అడగరు. రక్తపోటు ఎక్కువ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి ఉన్నవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, 35 దాటి పొగ తాగేవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడకూడదు. కాన్పయ్యాక పాలిచ్చే తల్లి ఆరు నెలలదాకా ఆగాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు మాత్ర పనిని తగ్గిస్తాయి. ఇవీ నిజమైన ప్రమాదాలు. మాత్ర ఇచ్చేముందు బీపీ చూడని చోట గొడవ చేయండి. అక్కడ మీ కోపం న్యాయమైనది.

లావంటే భయపడే ఆడవాళ్లను సోకు పిచ్చి అని తీసిపారేసేవాళ్లతోనూ నాకు తగాదా ఉంది. ఎండలో వంగి మిర్చి కోసే మనిషికి ఒళ్లు బరువైతే కూలి తగ్గుతుంది, మోకాళ్లు పోతాయి. మొగుడి ఎగతాళి ఇంట్లో నిత్యం వినాల్సి వస్తుంది. ఆ భయాన్ని గౌరవించడమంటే దానికి సరైన జవాబు చెప్పడమే.

ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు నా విన్నపం ఒకటే. మాత్ర గానీ సూది గానీ మొదలుపెట్టే రోజున బరువు తూచి ఆమె కార్డు మీద రాయండి, బీపీ కూడా రాయండి. మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ తూచండి. సూది మీద ఉన్న మనిషి ఆరు నెలల్లో 5 శాతం దాటితే ఇంకో డోసు వేయకుండా కాపర్-టీ గానీ ఛాయ గానీ ఇప్పించండి. కోడళ్లకు చెప్పేదొకటి: మీ అత్త ఆపరేషన్ మాట ఎత్తినప్పుడు, పెద్దారవీడులోనైనా మార్కాపురంలోనైనా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి మాలా-ఎన్, ఛాయ, అంతర, కాపర్-టీ నాలుగింటి గురించి విడివిడిగా చెప్పమని అడగండి. నాలుగూ ఉచితమే, అడిగే హక్కు మీదే.